రెక్క తీసేసిన వాల్వు

అధ్యక్షుల కుర్చీలో ఉన్న ఫణీంద్ర సార్‌కు, పక్కనున్న విజయశ్రీ మేడమ్‌కు, ముందు వరసలోని పెద్దలకు, వెనక నిలబడ్డ వాచ్‌మన్లకు, గల్లీలోంచి నాకోసం ఇడ్లీ బండి ఆపి వచ్చిన రాములమ్మ చెల్లెకు దండాలు. మైకు ముందు నిలబడడం నాకు ఇదే మొదలు. శాలువా కప్పుకొని మాట్లాడాలో తీసి మాట్లాడాలో కూడా తెలియడం లేదు. (నవ్వులు)

మేడమ్ ఇందాక అన్నారు, మొగిలయ్య ప్లంబరుగా ఉన్న ఇరవై రెండేళ్ళలో మన నాచారం అపార్ట్‌మెంటు నల్లాల్లో ఒక్కనాడూ మురికి నీళ్ళు రాలేదని. రాలేదు, నిజమే. కానీ ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు ఒకచోట లేదు. రాసుకొచ్చిన కాగితం జేబులో ఉంది. ఇప్పుడు చెప్పబోయేది అందులో లేదు.

రోడ్డు పైపునుంచి మనకు నీళ్ళు వచ్చేచోట ఒక వాల్వు ఉంది. దాంట్లో చిన్న రెక్క. నీళ్ళు లోపలికి వస్తుంటే లేస్తుంది, వెనక్కి పోబోతే పడి మూసుకుంటుంది. అంతే దాని పని. నాలుగేళ్ళ కింద ఎండాకాలం నల్లా సన్నగా వచ్చింది. "మొగిలయ్యా, సంపు నిండట్లేదు, ఏదో ఒకటి చెయ్యవయ్యా" అని సార్ రోజూ అనేవారు. నేను వాల్వు విప్పి, రెక్క తీసేసి, ఉత్త డొల్లనే మళ్ళీ బిగించాను. నీళ్ళు కొంచెం పెరిగాయి. అందరూ మెచ్చుకున్నారు.

కార్లు కడిగే పైపు కూడా ఆ లైనుదే. ఒకరోజు అది సబ్బు బకెట్లో మునిగి ఉండగానే రోడ్డు పైపుకు నీళ్ళు బంద్ చేశారు. పల్లంలో గల్లీ నల్లాలు ఇంకా విప్పి ఉన్నాయి. లైను ఖాళీ అవుతూ మన బకెట్ నీళ్ళను వెనక్కి గుంజింది. పల్లంలో మొదటి నల్లా రాములమ్మది.

మనకు మురికి రాలేదు మేడమ్. మన దగ్గర్నుంచి పోయింది.

ఆమె ఇడ్లీ తిన్న నలుగురికి కడుపు చెడింది. నీళ్ళ డ్రమ్ము కడగదని అందరూ ఆమెనే అన్నారు. మూడు నెలలు బండి బంద్. నేనేం చేశాను? రెక్క మళ్ళీ పెట్టాను, బ్లీచింగు పట్టుకుపోయి ఆమె డ్రమ్ము కడిగి వచ్చాను. నోరు మాత్రం విప్పలేదు. "మొగిలన్న ఒక్కడే నా దిక్కు సూసిండు" అని ఆమె ఇప్పటికీ నాకు రోజూ చాయ్ ఊరికే పోస్తుంది. ఆ చాయ్ ఇన్నేళ్ళు ఎట్లా తాగానో నాకే సమజ్ కాదు. సన్మానం రోజు చెప్పే మాటేనా ఇది, అదీ తెలియదు. సార్, గడియారం చూడకండి, అయిపోయింది.

(రాములమ్మ లేచి: "అంటే నా డ్రమ్ము మంచిగనే ఉండెనా అన్నా?")

మంచిగనే ఉండె, చెల్లె. నేను కడగకముందు కూడా.

("గదే ముచ్చట జర గట్టిగ జెప్పు. ముంగట కూసున్నోళ్ళకు ఇనవడలే.")

రాములమ్మ డ్రమ్ము శుభ్రంగా ఉండేది. తప్పు నాది.

నా తర్వాత వచ్చేవాళ్ళను ఎంత నీళ్ళ కరువైనా ఆ రెక్క తీయమని అడగకండి. ఇన్నేళ్ళు అన్నం పెట్టారు, అందరికీ దండం. రేపు చాయ్ దొరుకుతుందో లేదో తెలియదు, బండి దగ్గరకైతే పోతాను. సెలవు.