సారు కాలూ, చిన్న బల్బూ

అసలు ఆయన్ని కాలు ఊపడం మానెయ్యమని ఎందుకన్నారండీ ఆంటీ? ఇన్నేళ్లు కాపురం చేశారు, ఇన్నేళ్లూ ఆయన ఊపారు, మీరు భరించారు. తీరా నా డిగ్రీ చేతికొచ్చే వేళకేనా మీకు చిరాకొచ్చింది?

నవ్వకండి. నాకిక్కడ ప్రాణం మీదికొచ్చింది. టీ తర్వాత తాగుతాను, ముందు నేను చెప్పేది వినండి.

మీ ఆయన దగ్గర నేను చేస్తున్న రిసెర్చి ఏంటో ఎప్పుడైనా చెప్పారా? చెప్పరు. ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలతాయని ఆయన భయం. నేను చెప్తాను. వేలెడంత స్ట్రిప్పు, ప్లాస్టిక్ లాంటిది. వంచితే కరెంటు పుడుతుంది. కరెంటిస్తే అదే వంగుతుంది. అందులో చిటికెడు గ్రాఫీన్ కలపాలి. గ్రాఫీనంటే ఏం లేదు, పెన్సిల్లో ఉండే నల్లటిదే, పొరలు పొరలుగా విడదీస్తే వస్తుంది. తక్కువైతే లాభం లేదు. ఎక్కువైతే పుట్టిన కరెంటు లోపల్లోపలే కారిపోతుంది. ఆ చిటికెడు ఎంతో తేల్చేసరికి నాకు తల నెరిసింది, చూడండి, ఇదిగో.

తేల్చాను కూడా! ఒక కొస బల్లకి బిగించి, మిషన్‌తో పసిపిల్లని జోకొట్టినంత మెల్లగా కదిపితే చాలు, బల్బు వెలిగేది. ఎవరికీ రానంత కరెంటు! సారు మురిసిపోయి కుర్చీలో వెనక్కి వాలేవారు.

ఆ, అక్కడే ఉంది తిరకాసంతా. తను ఎదురుగా లేకుండా ఒక్క రీడింగు కూడా తియ్యకూడదని ఆయన రూలు. ఎప్పుడూ అదే బల్ల, అదే కుర్చీ. బల్ల కోడుకి ఆనించిన మోకాలూ అదే.

మీరు మాన్పించారో లేదో, నా బల్బు ఆరిపోయింది. వైర్లు మార్చాం. మిషన్ విప్పి మళ్లీ బిగించాం. గ్రాఫీన్ అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం. మొన్న సారుకి పైవాళ్లెవరో ఫోన్ చేసి చివాట్లు పెడుతుంటే, ఠక్కున బల్బు వెలిగింది! బల్ల కిందకి వంగి చూశాను. ఇంకేముంది, మోకాలు! గజగజా ఊగిపోతోంది!

స్ట్రిప్పుకి సొంత ఊపొకటి ఉంటుందాంటీ. సరిగ్గా ఆ ఊపే తగిలితే చెలరేగిపోతుంది, ఉయ్యాల్ని సమయం చూసి తోసినట్టు. బల్లలోంచి పాకి స్ట్రిప్పుకి తగిలే మీ ఆయన కాలుది అచ్చం ఆ ఊపే. లోకంలో ఇన్ని కాళ్లుండగా!

మా మిషన్‌కి ఆ ఊపు రాదు. మేం ఊపలేదనుకున్నారా? ల్యాబంతా వంతులేసుకుని ఊపాం. స్టోర్ కీపరు ఊపాడు. పక్క గది మేడమ్ చెప్పులు విప్పి మరీ ఊపారు. ఒక్కరికీ కుదర్లేదు. ఒకాయనకైతే పిక్క పట్టేసింది.

రేపు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు. మీకు దణ్ణం పెడతాను, పొద్దున్నే సారుతో ఓ చిన్న గొడవ పెట్టుకోండి. మీ చెల్లెలి కుటుంబమంతా వచ్చి నెల్లాళ్లుంటుందని చెప్పండి, చాలు. కంగారుపడితే ఆ కాలు ఆగదు.

ఏంటలా చూస్తున్నారు? మోసమంటారా?

సారుకి తెలుసా అనా? తెలుసండీ. ఆ రోజే చెప్పేశాను. కాసేపు తన మోకాలికేసి చూసుకుని, "పోన్లేమ్మా, తక్కువే వచ్చిందని రాసెయ్యి. తక్కువొచ్చినా డిగ్రీ డిగ్రీయే, ఎవరూ ఆపరు" అన్నారు. ఎంత తేలిగ్గా అనేశారో!

అవును, డిగ్రీకేం ఢోకా లేదు. మీకు అబద్ధం చెప్పాను, సరేనా?

బల్బు మొదటిసారి వెలిగిన రోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చానాంటీ, సంతోషం పట్టలేక. మా నాన్నకి ఫోన్ చేసి, "నేను చేశాను నాన్నా" అన్నాను. ఆయన వీధి వీధంతా చెప్పుకున్నారు. కూరగాయల కొట్టువాడికి కూడా తెలుసు. ఇప్పుడు, అది నేను కాదు నాన్నా, మా సారు మోకాలు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పండి!

వద్దులెండి. గొడవేం పెట్టుకోకండి. ఆయన్ని ప్రశాంతంగా పంపించండి. తక్కువే వచ్చిందని రాస్తాను. వచ్చింది కాస్తే అయినా, ఆ కాస్తా నాదేగా.

నాన్నకి ఫోన్ మాత్రం మీరు చెయ్యండి. ఇదిగో, నంబరు కలుపుతున్నాను. నా వల్ల కాదు.