ఉదాహరణ రాయకపోతే సగం మార్కులే

పోలీస్ స్టేషన్ వెనక గది. కటకటాల లోపల సివిక్స్ మాస్టారు. బయట స్టూలు మీద, నోటుబుక్కుతో కానిస్టేబులు.

"మళ్ళీ చదువు."

"రాజ్యాంగం వచ్చినప్పుడు అధికారం రాజు చేతిలోంచి ప్రజల చేతికి వచ్చింది. ప్రజలు అనగా..."

"అనగా?"

"అనగా, అందరూ."

"అలా రాస్తే మార్కులు పడవు. నువ్వూ నేనూ అని రాయి."

"మా ఇన్‌స్పెక్టరు గారు?"

"ఆయన కూడా."

"ఆయనతో అనకండి మాస్టారూ, చిన్నబుచ్చుకుంటారు."

"నవ్వకు. ప్రమోషన్ పరీక్ష రెండుసార్లు తప్పావు. ఈసారీ తప్పితే హెడ్ కానిస్టేబులు కాకుండానే రిటైరవుతావు."

"ఈసారి తప్పను. మీరున్నారుగా."

"అరెస్టు చేసిన మనిషిని ఎన్ని గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలి?"

"ఇరవై నాలుగు."

"ఉదాహరణ?"

"అది కూడా కావాలా?"

"బళ్ళోనూ ఇదే పేచీ నీది. ఉదాహరణ రాయకపోతే సగం మార్కులే."

"మీరే చెప్పండి, రాసుకుంటా."

"ఒక మాస్టారు క్వారీ కూలీలకి అర్జీ రాసిపెట్టాడు. సోమవారం పొద్దున బడి గేటు దగ్గర జీపెక్కించారు. ఇవాళ ఏ వారం?"

"ఇంకో ప్రశ్న అడగండి."

"వారం అడిగాను."

"గురువారం."

"రాయి మరి."

"పేరు రిజిస్టర్లో ఎక్కితేనే కదా మాస్టారూ గంటలు మొదలయ్యేది. మా దగ్గర పద్ధతి అంతే. పైనుంచి చెప్పిన రోజే ఎక్కిస్తాం."

"నా పేరు ఎక్కలేదా ఇంకా?"

"టీ తాగుతారా?"

"ఎక్కలేదా అని."

"ఎక్కింది. నిన్న ఎక్కింది."

"హమ్మయ్య. అయితే ఇవాళ కోర్టుకే. జీపు ఎన్నింటికి?"

"చీకటి పడ్డాక రమ్మన్నారు."

"చీకటి పడ్డాక కోర్టేంటి?"

"నాకు చెప్పింది అంతే."

"సర్లే. మా ఆవిడకి కబురు చేశావా?"

"పొద్దున అమ్మగారే వచ్చారు. మీ కళ్ళజోడు, ఉతికిన చొక్కా తెచ్చారు."

"ఇటివ్వు. కళ్ళజోడు లేక నీ రాత కనపడట్లేదు."

"తిరిగి పట్టుకెళ్ళిపొమ్మన్నాం."

"ఎందుకు? జడ్జి ముందుకి ఈ చొక్కాతోనా?"

"చివరిది ఒక్కటి మాస్టారూ. బతికే హక్కు. దాన్ని ఎవరైనా తీసెయ్యొచ్చా?"

"చట్టప్రకారం తప్ప ఎవరూ తీసెయ్యకూడదు. ఈసారి ఉదాహరణ నువ్వే రాయి. ఏంటి, పెన్ను కింద పెట్టేశావు?"

"రాయలేను."

"మా ఆవిడకి ఏం చెప్పారు?"

"చెప్పలేదు. రిజిస్టరు చూపించాం."

"అందులో ఏముంది?"

"నిన్న పొద్దున తీసుకొచ్చాం, సాయంత్రం ఇంటికి పంపేశాం అని ఉంది. మీ సంతకం నేనే పెట్టాను మాస్టారూ."