సగం బిళ్ళ

శంషాబాద్‌లో ఆ సాయంత్రం పొరుగింటామె ఇచ్చిన టీలో చక్కెర వద్దని, ఆ ఇంటావిడ కిందటి వేసవిలో గుండెపోటుతో పోయిన తన భర్త మిగిల్చిన శాకరిన్ తీపి బిళ్ళల డబ్బా తెరిచింది.

"నీకు షుగర్ లేదు గదక్కా, గీ బిళ్ళలెందుకు?"

"ఆయనవి, మిగిలిపోయాయమ్మా."

"గుండెకు మంచిదో కాదో డాక్టర్‌సాబ్‌కే తెల్వదంట. నీకేమన్నయితె?"

"నా గుండెకు ఇంకేమవుతుంది?"

"రుచన్న ఉంటదా?"

"చివర్లో చేదు. ‘ఇదేం టీయే!’ అంటూ మొహం చిట్లించి రోజూ నన్ను తిట్టేవారు. ఆ చేదు నాలుక మీద ఉన్నంతసేపూ ఆయన ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది."

"అయిపోవస్తున్నయ్ గదా. పట్నంకెల్లి కొత్త డబ్బా తెప్పియ్యాల్నా?"

"అది ఆయన చెయ్యి పెట్టిన డబ్బా కాదు కదమ్మా."

ఆమె బిళ్ళను గోటితో విరిచి, సగం టీలో వేసి, మిగతా సగాన్ని పదిలంగా డబ్బాలో దాచుకుంది.