గోల్‌కీపర్ ప్యాడ్లు

జీతం లేకుండా ఆడపిల్లలకు హాకీ నేర్పే రిటైరైన టీచరు, ఆదివారం పొద్దున్నే తన జట్టు గోల్‌కీపర్ ఇంటి తలుపు తట్టింది. తల్లి తలుపు తీసింది.

"పిల్లకి ఎలా ఉందమ్మా?"

"మోకాలికి ఆపరేషన్ చేశారు టీచర్‌గారూ. ఇక ఈ జన్మకి ఆట లేదన్నారు."

"అయ్యో... ఆ కాళ్ల ప్యాడ్లు ఇస్తావా? పదింటికి మ్యాచ్ ఉంది. ముప్పైమంది పిల్లలకీ అదొక్కటే జత."

"పిల్ల ఆటలో పడి పది రోజులైంది. ఇవాళ వచ్చింది ప్యాడ్ల కోసమా?"

టీచరుకు తల కొట్టేసినట్టయింది. అయినా గుమ్మంలోంచి కదల్లేదు.

"కన్నబిడ్డలా చూసుకుంటానని మూడుసార్లు వచ్చి బతిమాలారు. తీసుకెళ్లి చిరిగిన ప్యాడ్లు కట్టి నిలబెట్టారు."

"కొత్తవి ఎవరిస్తారమ్మా? అవి కూడా నలుగురి కాళ్లావేళ్లా పడి తెచ్చినవే."

తల్లి లోపలికి వెళ్లి ప్యాడ్లు తెచ్చింది.

"పక్కలో పెట్టుకుని పడుకుంది. లేచేలోగా పట్టుకుపోండి."

మోకాలి దగ్గర చిరుగు అలాగే ఉంది. టీచరు వాటిని చంకన పెట్టుకుంది. అప్పుడే తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ రెండో కూతురు కనిపించింది. అడగకూడదని తెలుసు. నోరు ఆగలేదు.

"చిన్నదానికి ఇప్పుడెన్నేళ్లమ్మా?"