జాన్సన్ హీరో తరఫున

"తాతా, ఇన్నేండ్లు ఒక్క హీరోనే పట్టుకొని ఉన్నవ్ గద. మొన్న ఉప్పల్ల జాన్సన్ తాత హీరోకే బెస్ట్ యాక్టర్ అవార్డు ఇయ్యాలెనని కొట్లాడినవంట? పార్టీ మార్చినవా?"

ఎవలు చెప్పిన్రే నీకు? యాదగిరేనా? వాడే చెప్తడు. బస్సు నడుపుడు బంద్ అయినా వాని నోట్ల హారన్ బంద్ కాలే. పార్టీ మార్చుడేంది! కూసో కావ్యా, జర ఆ ఫ్యాను తక్కువ పెట్టు, చెప్త. హీరోల పేర్లు మాత్రం చెప్ప. చెప్తే మీ అమ్మ వంటింట్లకెల్లి గరిటె పట్టుకొని వస్తది, ఆమెది ఇంకో హీరో.

మేం ముగ్గురం గద. నేను సబ్బుల ఫ్యాక్టరీల, యాదగిరి బస్సు మీద, జాన్సన్ రైల్వేల. వయసుల ఉన్నప్పుడు నాచారంల ఒక్క వాకిట్ల కిరాయికున్నం. ఇప్పుడు పొద్దున పొద్దున ఉప్పల్ల మెట్రో పిల్లర్ కాడ చాయ్ బండి, దాని పక్కన సిమెంటు బెంచి. అవార్డుల దినాలు వచ్చినయంటే ఆ బెంచి మీద ఇగ వేరే ముచ్చట ఉండది. నాది ఒక హీరో, యాదగిరిది మీసాల హీరో, జాన్సన్ ది మెల్లగ మాట్లాడే హీరో. మెల్లగ ఏంది, నాకైతే ఆ హీరో మాట ఇనవడనే ఇనవడకపోయేది.

అసలు ఈ అవార్డుల పిచ్చి నాకు ఎట్ల పట్టిందో ఎర్కనా? నాకు అచ్చరాలు రాత్రిబడిల వచ్చినయ్. పగలు సబ్బులు, పొద్దుగూకినంక గుణింతాలు. కొత్తగ సదువొచ్చినోని గర్వం ఉంటది సూడు, వాకిట్ల పేపరు నేనే గట్టిగ సదివి ఇనిపిస్తుంటి. ఒకపారి అవార్డుల వార్త వచ్చింది. ఉత్తమ నటుడు, ఫలానాయన. దాని కింద ఉత్తమ సహాయ నటుడు, ఫలానాయన. సహాయ నటుడంటే నేనేమనుకున్న? షూటింగుల మిగిలినోళ్లకు సాయం జేసెటోడు అనుకున్న. ఎవలన్న మాట మర్చిపోతే అందిచ్చెటోడు, కింద పడ్తే లేపెటోడు. అండ్ల అందరికంటె మంచిగ సాయం జేసినోనికి బహుమానం. "గట్లయితే గిదే పెద్ద అవార్డు గద!" అన్న. యాదగిరి నవ్వి నవ్వి దగ్గిండు. "అరే నర్సిగా, సహాయ నటుడంటే చిన్న యేషం కట్టెటోడు రా!" అన్నడు. నేను ఒప్పుకుంటనా? ఒప్పుకోలే. ఇప్పటికీ ఒప్పుకోను.

నా కాడ సాక్ష్యం ఉన్నది మరి. అప్పట్ల నాచారం దిక్కు షూటింగులు మస్తు అయితుండె. ఏదో సమ్మె సీనట, జెండాలు పట్టుకొని నడువున్రి అని మా ఫ్యాక్టరీ గేటు కాడి మందిని పిలిచిన్రు. నేల టికెట్ కొనలేక నెలకొక్క సినిమా సూసేటోళ్లం, ఉత్తపుణ్యానికి హీరోను సూడొచ్చని ముగ్గురం ఉరికినం. పులిహోర పొట్లం గూడ ఇచ్చిన్రు... పులిహోరనో, దద్దోజనమో, సరే. హీరో ఏడ్వాలె. కెమెరా హీరో మొకం మీదనే ఉన్నది. తండ్రి యేషమాయన కెమెరా ఎనుక నిలవడ్డడు. ఆయన బొమ్మల పడనే పడడు. అయినా ఏడ్సిండు బిడ్డా! మెడ నరాలు ఉబ్బేటట్టు ఏడ్సిండు. ఎందుకు? హీరోకు ఏడుపు రావాలని. ఆయన్ని సూసి సూసి హీరో కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. సినిమా వచ్చినంక సూస్తే హీరో కన్నీళ్లే కనబడ్డయ్. ఆ దినం షూటింగు కాడనే "ఇగో, సహాయమంటే గిది" అన్న. పక్కన జెండా పట్టుకున్న జాన్సన్ ఒక్కడు నవ్వలే. "నువ్వు తప్పు సదివినా మంచిగనే సదివినవ్ రా" అన్నడు.

ఏం చెప్తున్న? ఆఁ, జాన్సన్ ముచ్చట. మొన్న ఎండకాలం దవాఖానాల ఆపరేషన్ అయింది గద, గొంతుల గడ్డ. పానం నిలవడ్డది గని మాట పోయింది. నయమైనంక ఒకటి రెండు దినాలు పిల్లర్ కాడికి వచ్చిండు. ఫోన్ల ఒక్కొక్క అచ్చరం కొట్టి మాకు సూపెట్టేలోపల ముచ్చట ఇంకో సినిమాకు పోయేది. కొట్లాట ఆగది గద ఎవలి కోసం. ఇగ వచ్చుడు బంద్ జేసిండు.

చర్లపల్లికి పోయిన నేను. కొత్త స్టేషన్ అయినంక ఆ తొవ్వ మొత్తం ఆటోలే, వాని ఇల్లు దొరుకబట్టనీకె నాకు తల తిరిగింది. వాని భార్య మేరమ్మ అన్నది, "పొద్దున తయారైతడు అన్నా, గేటు దాక పోతడు, మర్లి వస్తడు. ఇయ్యాల గూడ గంతే." జాన్సన్ ఫోన్ల కొట్టి సూపెట్టిండు: నేనొచ్చి ఏం జేయాలె?

నాకు కోపమొచ్చింది. "అరే, నీ మాట నేను మాట్లాడత తియ్. నీ హీరో తరఫున నేను కొట్లాడత" అన్న.

వాడు నన్ను కింది నుంచి మీది దాక సూసిండు. మళ్ల కొట్టిండు: వాని సినిమా సూసినవా?

సూడలే. వాని పోస్టర్ ఉన్న గోడ పక్కపొంటి గూడ నేను నడువ.

ఇగ మ్యాట్నీకి పోయినం, ఉప్పల్లనే. జాన్సన్ నా చెయ్యి పట్టుకొని కూసున్నడు. మంచి సీను వస్తే నొక్కుతడు. నాకు ముందుగాల సమజ్ కాలే, ఇండ్ల ఏమున్నదని గట్ల నొక్కుతుండు? హీరో బువ్వ తింటుంటడు. తమ్ముడు పోయిండని కబురొస్తది. నా హీరో అయితే పల్లెం ఇసిరికొట్టి మస్తు అరిసేటోడు. గీయన అరవలే. బువ్వ కలుపుతనే ఉన్నడు. తినడు, చెయ్యి తియ్యడు. కలుపుడే. జాన్సన్ నా ఏళ్లు ఇరుగుతయేమో అన్నట్టు నొక్కిండు. వాడు నొక్కకపోయినా సమజైతుండె అప్పటికి. మావోనికంటె గొప్పోడని నేను అనలే, ఆ మాట రాసుకో. గని ఇంటికొచ్చి నేను బువ్వ కలిపి సూసిన. తినకుంట ఎంతసేపు కలుపుతం? మీ నాయినమ్మ, "ఉప్పు తక్కువైందా?" అన్నది.

తెల్లారి జాన్సన్ గూడ వచ్చిండు, పిల్లర్ కాడ మొదలుపెట్టినం. నాకేమో అలవాటు పోదాయె. నోరు తెరిస్తె, "మావోని లెక్క డైలాగు చెప్పెటోడు..." అన్న. జాన్సన్ లేసి నిలవడ్డడు. సడక్ దిక్కు నడిసిండు. ఇగ వీడు మళ్ల రాడు అనుకున్న. ఉరికి వాని అంగీ పట్టి గుంజుకొచ్చి కూసోబెట్టిన. "అరే, నోరు జారింది, ఆగు రా!" అని యాదగిరి దిక్కు మర్లి, "ఈ ఏడు అవార్డు జాన్సన్ హీరోకే ఇయ్యాలె" అన్న. ఆ బువ్వ ముచ్చట చెప్పబట్టిన. నేను చెప్తే ఏముంటది, నాకు నటన వస్తదా? యాదగిరి ఆవలించిండు. "బువ్వ కలిపినోనికల్లా అవార్డిస్తే మా ఇంట్ల ఆరుగురున్నరు!" అన్నడు.

అప్పుడు జాన్సన్ నా మోకాలు మీద కొట్టిండు, ఆగు అన్నట్టు. బెంచి మీద చెయ్యి పెట్టిండు. ఉత్త సిమెంటు మీద బువ్వ కలిపిండు బిడ్డా. కలిపిండు, కలిపిండు. మొకం కదలలే. చాయ్ పోసెటోడు గూడ గిన్నె పట్టుకొని అట్లనే నిలవడ్డడు. వానికి గొంతు లేదన్న సంగతి ఎవలికీ యాదికి లేదు. గొంతున్నోడు గూడ ఆ సీన్ల మాట్లాడడు గద.

యాదగిరి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. తర్వాత ఏమన్నడంటవ్? "మావోడైతే ఆ బుక్క తినేటోడు రా జాన్సన్! తినుకుంట ఏడ్సేటోడు. అదీ యాక్టింగ్ అంటే!" జాన్సన్ కండ్లు ఎర్రగ జేసి బెంచి మీద గుద్దిండు. యాదగిరి గూడ గుద్దిండు. నా దిక్కు ఎవలూ సూడలే. గంటసేపు నేను ఉత్తగనే కూసున్న, చాయ్ సల్లారింది.

అప్పటికెల్లి జాన్సన్ దినాం వస్తుండు.

అగో, ఫోను. ఇటియ్యి. హలో... ఇగో, ఇను, మాటుండది, బస్సు సప్పుడే. జాన్సనే. ఈ యాల్లకు నాచారం దాటినట్టున్నడు. అరే, వస్తున్న రా. నేను వచ్చేదాక యాదగానితోటి మొదలుపెట్టకు, ఇంటున్నవా?

పోయొస్త కావ్యా. నూరేండ్లు నీతోటి కొట్లాడెటోళ్లు నీ పక్కపొంటి ఉండాలె బిడ్డా... ఆఁ, వస్తున్న రా జాన్సన్, వస్తున్న...