రెండో అద్దం

హుకుంపేట సంతలో బొమ్మలపెట్టెవాడి ముందు చతికిలబడి, ఒక కొండామె పెట్టెకున్న రెండు అద్దాలకూ కళ్లు ఆనించింది.

“ఏటీ కనపడదు బాబూ. అంతా మంచు కమ్మినట్టుంది.”

“వానలకి అద్దాలు బూజట్టీసినాయే. ఉండు.” వాడు ఒక అద్దం మీద ఉమ్మేసి పంచె చెంగుతో రుద్దాడు.

“ఛీ! ఉమ్మితోనా?” ఆమె మొహం వెనక్కి లాక్కుంది.

“ఒక కన్ను మూసి ఈ అద్దంలోంచి సూడు. కొండాడది గెడ్డలో తానం సేత్తంది. ఎవడో దొర సెట్టుసాటునుంచి పొటో తీసినాడు. ఇశాపట్నంలో మగోళ్లు దీనికే ఎగబడతారు.”

ఆమె చూసింది. పెట్టె మీద చేతులు బిగుసుకున్నాయి.

“మా అప్ప.”

“ఎవులూ?”

“మా అప్ప. నా తోడబుట్టింది, ఇద్దరు పిల్లల్నొదిలేసి జొరంతో సచ్చిపోనాది. ఆ బుజమ్మీద పచ్చబొట్టు మాయమ్మ పొడిపించిందే.”

“అలాగేటి! అయితే రెండో అద్దం కూడా తుడిసేత్తానుండు. రెండు కళ్లతోటీ సూత్తే మనిసి బతికొచ్చి నీ ఎదట నిలబడ్డట్టే ఉంటది.”

“గుడ్డ నేకుండా, ఇంత సంతలోనా?”

వాడు పంచె చెంగు మళ్లీ అందుకున్నాడు.

“తుడిసేవంటే సెయ్యిరిసేత్తాను!” వాడు తుడిచిన అద్దం మీదే ఆమె తుపుక్కున ఉమ్మింది. “ఆ బూజుకున్నపాటి సిగ్గు నీకు నేదురా.”