పచ్చపిట్టలు పద్నాలుగు

గ్రిమ్స్‌బీ. ఇంగ్లండులో ఓ చేపల రేవు ఊరు. జనవరి నెలాఖరు శనివారం, పొద్దున. డెరిక్ పెరటికీ మారీన్ పెరటికీ మధ్య మొలెత్తు చెక్క కంచె.

"...నేనన్నది మిమ్మల్ని కాదు మారీన్ గారూ, మీ పిల్లిని."

"పిల్లిని అంటే నన్నన్నట్టు కాదూ?"

"దానికి మేయర్ అని పేరు పెట్టినప్పుడే అనుకున్నాను. ఊరి సొత్తంతా నాదే అంటుందని."

"టీ చల్లారిపోతోంది డెరిక్. తాగి మాట్లాడు."

"టీ సంగతి పోనివ్వండి. పదింటికి ఏటేటా దేశమంతా చేసే పిట్టల లెక్కకి కూచోవాలి నేను. గంటసేపు. ఒకేసారి ఎన్ని వాలితే అన్నే రాయాలి. ఏం రాయమంటారు, గుండుసున్నా?"

"ఎన్నుంటే అన్ని రాయి."

"ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను. మొదటేడు పచ్చపిట్టలు పద్నాలుగు. పోయినేడు ఆరు. ఈ వారమంతా కలిపి నా కంటబడ్డవి రెండు."

"పిచ్చుకలు వస్తున్నాయిగా బోలెడు. అవీ కలుపుకో."

"పిచ్చుకలు వేరు, పచ్చపిట్టలు వేరు. ఎన్నిసార్లు చెప్పాను మీకు? పచ్చపిట్టకి రెక్క అంచున పసుపు గీత. లావు ముక్కు. కోపిష్టి మొహం."

"నీలాగ."

"నాలాగే. అందుకే అవంటే నాకిష్టం."

"ఈ ఏడు చలి ముదిరింది కదా. ఎటో పోయుంటాయి."

"పోలేదు, చచ్చాయి. మొన్న షెడ్డు వెనక ఒకటి. నిన్న గులాబీ మొక్క కింద ఇంకోటి. మీ వైపు ఎన్ని?"

"నా వైపా... నేనంత చూళ్ళేదు."

"మారీన్ గారూ."

"మూడు."

"మూడు. ఇంకేం మరి. పిల్లి మెడలో గంట కట్టేదెవరని సామెత చెప్పేవాళ్ళే అందరూ. నేను గంట కొని తెచ్చి మీ చేతిలో పెట్టాను. ఏం చేశారు దాన్ని?"

"కట్టాను."

"మరి మోగదేం?"

"మోగుతోంది. హల్‌లో."

"ఎక్కడా?"

"హల్‌లో. ఆ ఊళ్ళో మా చెల్లెలింట్లో. మేయర్ని పంపేసి పదిరోజులైంది."

"...నిన్న సాయంత్రం దాని తోక చూశాను నేను. ఈ కంచె మీదే."

"అది నా మఫ్లరు. ఆరేశాను."

"ముందే ఓ ముక్క చెప్పొచ్చుగా."

"ఎవరికి? నన్ను చూస్తూనే తలుపేసుకుంటున్నావు పదిహేను రోజుల్నుంచి."

"పంపెయ్యమని నేననలేదు."

"అన్నావు. చెత్తబండి వాళ్ళ ముందు అన్నావు. పదకొండేళ్ళ పిల్లి అది. కుర్చీలో కూచుంటే చాలు, వచ్చి నా పాదాల మీద పడుకునేది."

"...సరే. నాదే తప్పు."

"పోనీలే."

"పోనీలే కాదు. పిల్లి కాకపోతే మరెవరు? డేగా? డేగైతే ఈకలు చెల్లాచెదరుగా పడుండాలి. ఇవి చూస్తే ఇస్త్రీ చేసినట్టున్నాయి."

"అదే నేనూ... ఒక మాట చెబితే వింటావా?"

"చెప్పండి."

"ఓ రెండు వారాలు గింజలు వెయ్యడం ఆపు."

"ఈ మంచులోనా?"

"రెండే వారాలు."

"మతి ఉండే అంటున్నారా? నేల ఇనుములా ఉంది. ముక్కు దిగదు ఎక్కడా. ఉడతలు పాకకుండా గుంజకి గ్రీజు పూసి, దానికి వేలాడే మూడు మేత గొట్టాల్లోనూ పాత గింజల మీద కొత్తవి నొక్కి నొక్కి పోశానండీ పొద్దున్నే, వేళ్ళు కొంకర్లు పోతుంటే. ఆపాలా?"

"లెక్కవాళ్ళు పంపిన పుస్తకం చదివావా, ఆ చిన్నది?"

"అంకెలు రాసే పేజీ చించుకుంటాను. మిగతాది పొయ్యిలోకి."

"అందులో కొన్ని మంచి విషయాలు..."

"పదిహేనో ఏట బడి మానేసి చేపల రేవులో కత్తి పట్టినవాణ్ణి నేను. పుస్తకాలు చదివినవాళ్ళు నాకేం చేశారు? ముప్పై మూడేళ్ళు చేపలు కోయించుకుని ఓ సోమవారం గేటుకి తాళం వేశారు. ఆ రోజునుంచి ఈ ఊళ్ళో నన్ను ఎవడూ ఏదీ అడగలేదు. ఏడాదికోసారి ఈ పిట్టలవాళ్ళే అడుగుతారు, అయ్యా మీ పెరట్లో ఏం చూశారు అని. వాళ్ళకి ఏమీ లేదని రాయమంటారు. మీరు మేత ఆపమంటారు."

"నేననేది అది కాదు బాబూ, నేననేది..."

"ఉష్. కదలకండి."

"ఏంటి?"

"నడిమి గొట్టం మీద. పచ్చది."

"చూశాను."

"వెళ్తున్నాను. మెల్లిగా."

"వద్దు డెరిక్. దాన్నలా వదిలెయ్."

"ఎగరడంలేదు, చూస్తున్నారా? ఇంకో అడుగు... ఎగరడంలేదు. చెయ్యి పెడుతున్నాను."

"డెరిక్."

"ఎక్కింది. నా చేతి మీదికెక్కింది మారీన్ గారూ. ఇరవై రెండేళ్ళకి."

"ఇటు తీసుకురా. మెల్లిగా."

"వస్తున్నాను. బంతిలా ఉబ్బి కూచుంది చూడండి. కళ్ళు మూతలు పడుతున్నాయి దీనికి. మా ఆవిడకి కూడా లేదు నా మీద ఇంత నమ్మకం. సంఖ్య ఎంతైతేనేం, ఈ ఏడు ఈ ఒక్కటి చాలు నాకు. పద్నాలుగూ ఇందులోనే ఉన్నాయి."

"దాని మూతి చూడు."

"తడిసింది. మంచు."

"మంచు కాదు. ఆ గింజ ముద్ద చూడు, మింగలేక కక్కేసింది. ఒంట్లో బాగున్న పిట్ట మనిషి చేతి మీద కూచోదు డెరిక్. నీకు నేను చెప్పాలా అది?"

"...చలికి బిగుసుకుంది. అంతే."

"నాకు దొరికిన మూడింట్లో ఒకదాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, రొట్టె డబ్బాలో పెట్టుకుని. పంటి గాటు లేదు, గోటి గీత లేదు. గొంతంతా వాచిపోయుంది. ఆకలితో చచ్చిందన్నాడు."

"ఆకలితోనా? నా పెరట్లోనా?"

"నోట్లో గింజ ఉండగానే. అంటురోగమట. ఒకదాని ఎంగిలి ఇంకోటి తిని తెచ్చుకుంటాయట. అన్నీ ఒక్కచోట చేరి తినే చోట, బూజుపట్టిన గింజల్లో."

"ఎప్పుడు చెప్పాడు ఇది?"

"మంగళవారం."

"మంగళవారం. ఇవాళ శనివారం. నాలుగు రోజులు కడుపులో పెట్టుకుని కూచున్నారా?"

"ఎలా చెప్పాలో తెలీక."

"తెలీకపోవడానికేముంది? ఈ వీధిలో ఎవడో గలీజు వెధవ పిట్టల మీద ప్రేమంటూ పాచిగొట్టాలు వేలాడదీశాడు. వాడి ఎంగిలి కూడు తిని వచ్చి నా పెరట్లో చస్తున్నాయి. ఎవడు? పన్నెండో నంబరువాడేనా? నాకు ఎప్పట్నుంచో అనుమానం, వాడి కారే చెత్తకుండీలా ఉంటుంది."

"అతను కాదు."

"మరెవడు? పేరు చెప్పండి. దీన్నిలా చేతిలో పెట్టుకునే వెళ్తాను. తలుపు తియ్యగానే వాడి మొహం ముందు పెట్టి అడుగుతాను, సిగ్గుందా నీకని."

"డెరిక్."

"చెప్పండి."

"నీ గొట్టాలు ఎన్నాళ్ళకోసారి కడుగుతావు?"

"...వాటిని కడగాలా?"